అప్పులవాళ్ళ చెయ్యి పడని డబ్బు: ఒక అంబత్తూరు కుటుంబం కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు రాయడం లేదు. ఒకటి రెండు వివరాలు మార్చాను, అంకెల్ని రౌండు సంఖ్యలకి సర్దాను. ఆయన్ని అన్నా అని, ఆమెని వదినా అని పిలుస్తాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

చెన్నైలో సొంతంగా చిన్న వ్యాపారాలు చేసుకునే మన తెలుగువాళ్ళు దీన్ని చదవాలని నా కోరిక. ఉద్యోగస్తుడికి వేసే ఇన్సూరెన్స్ లెక్క వ్యాపారస్తుడికి సరిపోదు. ఉద్యోగి పోతే జీతం ఆగిపోతుంది. వ్యాపారి పోతే ఆదాయం ఆగిన రోజే అప్పులన్నీ ఒక్కసారిగా గుమ్మం ఎక్కుతాయి. పాలసీ ఎన్ని లక్షలకి ఉంది అని మాత్రమే చూసుకుంటే ఆ ఇంటికి చాలదు. ఆ డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది, మధ్యలో ఇంకెవరైనా దాని మీద చెయ్యి వేయగలరా అన్నది ముందే తేల్చుకోవాలి.

2019లో ఇల్లు, వర్క్‌షాపు

అన్నది నాయుడుపేట పక్కన పల్లె. ఐటీఐ చేసి చెన్నై వచ్చి, చాలా ఏళ్ళు ఒకరి దగ్గర పనిచేసి, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో అద్దె షెడ్డులో జాబ్ వర్క్ యూనిట్ పెట్టుకున్నాడు. కార్ల విడిభాగాల కంపెనీలు మెటీరియల్, డ్రాయింగ్ ఇస్తే వీళ్ళు మెషినింగ్ చేసి పంపుతారు. రెండు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మెషిన్లు, మూడు పాత లేత్‌లు, తొమ్మిది మంది పనివాళ్ళు. వదిన మధ్యాహ్నాలు వెళ్ళి బిల్లులు, ట్యాలీ ఎంట్రీలు చూసుకునేది. ఇద్దరు పిల్లలు. అన్నవాళ్ళ అమ్మ కూడా వీళ్ళ దగ్గరే ఉంటారు.

యూనిట్ ప్రొప్రైటర్‌షిప్. అంటే చట్టం దృష్టిలో వ్యాపారం వేరు, మనిషి వేరు కాదు. వ్యాపారం మీద చేసిన ప్రతి అప్పూ అన్న సొంత అప్పే.

నేను మొదటిసారి కూర్చుని రాసుకున్నప్పుడు తేలిన అప్పులు ఇవి: కొరట్టూరు ఫ్లాట్ మీద హోమ్ లోన్ 22 లక్షలు, మెషిన్ లోన్ 18 లక్షలు, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (సీసీ, వ్యాపారానికి అవసరమైనప్పుడల్లా తీసుకుని కట్టే అప్పు) లిమిట్ 25 లక్షలు. ఆ సీసీ లిమిట్‌కి తనఖా పెట్టింది నాయుడుపేటలో అమ్మ పేరు మీదున్న ఇంటి స్థలం. ఆవిడే జామీను. టూల్స్, ఇన్సర్ట్‌లు, కూలెంట్ ఇచ్చే షాపులకి ఎప్పుడూ ఆరేడు లక్షల బాకీ నడుస్తూ ఉంటుంది. చేబదుళ్ళ సంగతి అడిగితే, "అవి నోటిమాట మీద నడిచేవిరా, రాసేదేముంది" అన్నాడు.

ఇన్సూరెన్స్ లేదని కాదు. మూడు పాలసీలున్నాయి, అన్నీ తెలిసినవాళ్ళ మొహమాటానికి కట్టినవే. ఏడాదికి 62 వేలు ప్రీమియం, మూడూ కలిపి భద్రత 9 లక్షలు. అరవై అయిదు లక్షల బ్యాంకు అప్పున్న ఇంటికి తొమ్మిది లక్షల రక్షణ! నా దగ్గరికి వచ్చే వ్యాపార కుటుంబాల్లో చాలావాటి పరిస్థితి ఇంతే. ప్రీమియం కట్టడానికి వెనకాడరు, కట్టేది ఎందుకోసమో ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

లెక్క ఎలా వేశాం

ఇంటి ఖర్చు అప్పట్లో నెలకి 45 వేలు. అందులో అన్న సొంత ఖర్చు, బైకు, ఫోను తీసేస్తే 35 వేలు. అంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు. చిన్నవాడు చేతికి అందేదాకా పెరిగే ధరల్ని కూడా తట్టుకోవాలంటే నేను ఏడాది ఖర్చుకి 20 రెట్లు పెట్టుకుంటాను. అది 84 లక్షలు. పిల్లల చదువులకి 25 లక్షలు. పాత పాలసీల మొత్తం తీసేస్తే ఇంటి కోసం కావలసింది కోటి దగ్గర తేలింది. ఇక అప్పులు 65 లక్షలు, షాపుల బాకీల కోసం ఇంకో పది కలిపితే 75.

ఇక్కడ చాలామంది ఒకే పాలసీ ఒకటీ ముప్పావు కోటికి తీసుకుని భార్యని నామినీగా రాసి ఊరుకుంటారు. ప్రీమియం కొంచెం తగ్గుతుంది కూడా. కానీ ఇంటి డబ్బూ అప్పుల డబ్బూ ఒకే సంచిలో పడితే, ఆ సంచి దగ్గరికి ముందు చేరేది ఎప్పుడూ అప్పులవాళ్ళే. అందుకే రెండు వేర్వేరు కంపెనీల్లో రెండు టర్మ్ పాలసీలు (మనిషి పోతేనే డబ్బు వచ్చేవి) పెట్టాం. అప్పుల కోసం 75 లక్షలది మామూలుగా, వదిన నామినీగా. ఇంటి కోసం కోటి రూపాయలది వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద.

ఈ చట్టం 1874 నాటిది. దీని 6వ సెక్షన్ ప్రకారం పెళ్ళైన మగవాడు తన ప్రాణం మీద పాలసీ తీసుకుని, అది భార్య కోసం, పిల్లల కోసం అని ప్రపోజల్‌లోనే రాయిస్తే, ఆ పాలసీ వాళ్ళ కోసం పెట్టిన ట్రస్టు అవుతుంది. ఆయన ఆస్తిలో భాగం కాదు. ఆయన అప్పులవాళ్ళు దాన్ని అడగలేరు, కోర్టు జప్తు చెయ్యలేదు. దీనికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. ప్రపోజల్ ఫారంతో పాటు ఒక పేజీ నింపాలి, అంతే. కాకపోతే పాలసీ తీసుకునేటప్పుడే చెయ్యాలి. పాలసీ నడుస్తుండగా తర్వాతెప్పుడో గుర్తొచ్చి దీని కిందకి మార్చుకోవడం కుదరదు.

అన్న చాలాసేపు ఆలోచించాడు. "నేను కట్టే పాలసీ మీద నాకే హక్కు లేకుండా పోతుందా?" అని అడిగాడు. పోతుంది. అది దాచకుండా చెప్పాను. దాని మీద లోన్ తీసుకోలేడు, బ్యాంకుకి రాసివ్వలేడు, పేర్లు మార్చలేడు, రేపు సంసారంలో గొడవలొచ్చినా భార్య పేరు అలాగే ఉంటుంది. ఆ గట్టిదనం వల్లే అది అప్పులవాళ్ళకి కూడా అందదు. 2022లో కొత్త మెషిన్ లోన్‌కి వెళ్ళినప్పుడు బ్యాంకువాళ్ళు ఆ కోటి పాలసీని తమకి అసైన్ చెయ్యమని (రాసివ్వమని) అడిగారు. చెయ్యడానికి వీల్లేని పాలసీ కాబట్టి వేరే ఏర్పాటు చూసుకున్నారు. మామూలు పాలసీ అయ్యుంటే ఆ రోజు మెషిన్ అవసరంలో అన్న సంతకం పెట్టేసేవాడని నాకు గట్టి నమ్మకం.

ఇదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. అప్పులవాళ్ళని మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్న పాలసీకి ఈ రక్షణ వర్తించదు. కాబట్టి వ్యాపారం బాగా నడుస్తున్నప్పుడు, వాయిదాలు సరిగ్గా కడుతున్నప్పుడే తీసుకోవాలి. నోటీసులు మొదలయ్యాక పరుగెత్తుకుని వస్తే అది నిలవదు.

కోటిలో వదినకి సగం, పిల్లలిద్దరికీ చెరి పావు వంతు రాశాం. ఆ డబ్బు అందరి తరఫునా అందుకుని చూసుకునే ట్రస్టీగా వదినే.

ఇందులో తేలిగ్గా జారిపోయే విషయం ఒకటుంది. ఈ చట్టం భర్త అప్పుల నుంచి కాపాడుతుంది గానీ, భార్య తనంతట తాను నెత్తికెత్తుకున్న అప్పు నుంచి కాదు. సీసీ లిమిట్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు బ్యాంకు వదిన సంతకం కూడా జామీనుగా అడిగింది. మనిళ్ళల్లో ఆ సంతకం ఆలోచించకుండా పడిపోతుంది. వద్దని చెప్పాను. స్థలం ఉంది, స్థలం సొంతదారు జామీను ఉన్నారు, అది చాలని అన్న వెళ్ళి మాట్లాడాడు, బ్యాంకు ఒప్పుకుంది. వదిన జామీను ఉంటే, ట్రస్టు నుంచి ఆమె వంతు ఆమె చేతికి వచ్చాక దాని మీద బ్యాంకు కన్ను పడేది. హోమ్ లోన్‌లో మాత్రం ఆమె కో-అప్లికెంట్, అది తప్పలేదు.

షుగర్, అమ్మ పాలసీ

అన్నకి అప్పటికే షుగర్ మొదలైంది, మాత్రలు వాడుతున్నాడు. ఫారంలో రాయొద్దు, ప్రీమియం పెరుగుతుంది అని ఎవరో చెప్పారు. రాస్తేనే నేను ఈ పని చేస్తానన్నాను. పెరిగింది కూడా, రెండూ కలిపి దగ్గర దగ్గర ముప్పై వేలు కావలసింది ఏడాదికి 44 వేలు అయింది. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళు నిండిన పాలసీని ఏ కారణంతోనూ కంపెనీ ప్రశ్నించలేదన్నది నిజమే. ఆ మూడేళ్ళ లోపు ఏదైనా జరిగితే ఆస్పత్రి కాగితాలన్నీ తిరగేస్తారన్నదీ అంతే నిజం. ఏటా పద్నాలుగు వేలు మిగుల్చుకోవడానికి మూడేళ్ళపాటు ఇంటిని గాల్లో పెట్టే హక్కు ఎవరికీ లేదు.

డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాం అంటే, పాత పాలసీల నుంచే. మూడింటిలో రెండు 2012లో తీసుకున్న 15 ఏళ్ళ ఎండోమెంట్‌లు (గడువు తీరినా, మధ్యలో మనిషి పోయినా డబ్బు వచ్చేవి), వాటికే 54 వేలు పోతోంది. ఏడేళ్ళు కట్టేశారు కాబట్టి సరెండర్ చెయ్యకుండా (మధ్యలో మూసేసి డబ్బు తీసుకోకుండా) పెయిడప్ చేయించాం. అంటే ఇక ప్రీమియం కట్టరు, కట్టినంతకి తగ్గిన మొత్తం పాలసీలో అలాగే నిలిచి ఉంటుంది. మిగిలిన ఆ 54 వేలలోనే కొత్త పాలసీల 44 వేలు సరిపోయాయి.

మూడోది పెళ్ళికి ముందు, 2004లో, అన్న మొదటి జీతాల్లో తీసుకున్నది. 2 లక్షలది, ఏడాదికి 8 వేలు. నామినీ అమ్మ. పెళ్ళయ్యాక నామినీ మార్చుకోలేదని వదిన ఎప్పుడైనా అంటుండేది. నేను మార్చొద్దన్నాను. సాధారణంగా పెళ్ళయ్యాక నామినీ మార్చమనే అందరికీ చెబుతాను. ఈ ఇంట్లో మాత్రం ఆవిడ కొడుకు కోసం తన స్థలాన్ని తనఖా పెట్టిన మనిషి. కొడుకు లేని రోజున ఆవిడ చేతిలో కోడల్ని అడగకుండా ఖర్చు పెట్టుకునే డబ్బు కొంచెమైనా ఉండాలి. వదినకి ఈ మాట చెప్పగానే అర్థమైంది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

2020 ఏప్రిల్‌లో ప్రీమియం కట్టాల్సిన సమయానికి లాక్‌డౌన్. షెడ్డు మూతబడింది, రావలసిన బిల్లులు రాలేదు. ఈ ఏడాది వదిలేద్దామన్నాడు అన్న. ఆ మార్చి, ఏప్రిల్ ప్రీమియంలకి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మామూలు గ్రేస్ గడువు మీద ఇంకో ముప్పై రోజులు ఇచ్చింది. ఆ గడువులో వదిన తన చీటీ డబ్బుతో రెండూ కట్టేసింది. అప్పటి నుంచి ప్రీమియం వ్యాపారం కరెంట్ అకౌంట్ నుంచి కాకుండా ఆమె సేవింగ్స్ అకౌంట్ నుంచే ఆటో డెబిట్.

2025 జనవరి

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చిన వారానికి, షెడ్డులో సాయంత్రం ఛాతీలో నొప్పి అన్నాడట. పనివాళ్ళే ఆటోలో దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఐసీయూలో పెట్టారు. రాత్రి దాటలేదు. నలభై నాలుగేళ్ళు.

నాకు ఫోన్ వచ్చేసరికి నాయుడుపేట తీసుకెళ్ళడానికి బండి మాట్లాడుతున్నారు. ఆ సమయంలో ఇన్సూరెన్స్ గురించి ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు కూడా. వదిన తమ్ముణ్ణి పక్కకి పిలిచి రెండే విషయాలు చెప్పాను. ఆస్పత్రి వదిలే ముందు కేస్ షీట్, డెత్ సమ్మరీ కాపీలు అడిగి తీసుకోమన్నాను. కార్పొరేషన్‌కి పంపే ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో చూసుకోమన్నాను.

ఆ పేరు విషయం చెన్నైలో మనవాళ్ళందరికీ ఉండే తలనొప్పి. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెడతారు. ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, మూడోదాంట్లో తండ్రి పేరు అక్షరం. బతికున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. పోయాక పాలసీలో ఉన్న మనిషీ డెత్ సర్టిఫికెట్‌లో ఉన్న మనిషీ ఒకరే అని నిరూపించడానికి అఫిడవిట్లు, నెలలు. 2019లోనే అన్న పాన్, ఆధార్, పాలసీలు మూడింట్లో ఒకేలా ఉండేట్టు సరిచేయించాం. ఆ రాత్రి ఆస్పత్రి అడ్మిషన్ కాగితంలో పనివాళ్ళు చెప్పిన పేరు, తండ్రి ఇనీషియల్‌తో ఉంది. తమ్ముడు ఆధార్ చూపించి అక్కడికక్కడే మార్పించాడు.

ఊళ్ళో ఒక బంధువు మంచి మనసుతోనే, దహనం ఇక్కడే కదా, పంచాయతీలో నాకు తెలిసినవాళ్ళున్నారు, సర్టిఫికెట్ ఇక్కడే రాయిద్దాం అన్నాడట. అలా కుదరదు. చావు ఎక్కడ జరిగితే రిజిస్ట్రేషన్ అక్కడే, 21 రోజుల్లోపు. అంబత్తూరు 2011 నుంచి చెన్నై కార్పొరేషన్‌లో ఉంది, కాబట్టి అక్కడే. ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్ళాయి, సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో దొరికింది. ఊళ్ళో రెండోది రాయించి ఉంటే ఒక మనిషికి రెండు మరణ ధృవపత్రాలు తయారై క్లెయిమ్ అక్కడే ఆగిపోయేది.

మొదటి మూడు వారాలు

బ్యాంకుకి తెలిసిన రోజునే కరెంట్ అకౌంట్ ఆగిపోయింది. ప్రొప్రైటర్ పోతే ఆ అకౌంట్‌లో చెక్కు రాయడానికి ఎవరికీ అధికారం లేదు. ఏడో తారీకు పనివాళ్ళ జీతాలు. తొమ్మిది మందికి లక్షా అరవై వేలు. వదిన, అన్న ఇద్దరి పేరా ఎవరైనా తీసుకునే పద్ధతిలో ఇంటి ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీగా పెట్టించాం. అందులోంచి ఇచ్చింది. పనివాళ్ళకి ముందు ఇవ్వమని నేను చెప్పలేదు, ఆమే నిర్ణయించుకుంది. ఆ పని ఎంత మంచిదో తర్వాత తెలిసింది. మెషిన్లు అమ్మేదాకా కాపలా కాసింది, ఎవరి మెటీరియల్ ఎంత ఉందో లెక్క చెప్పింది ఆ మనుషులే.

పెద్దకర్మ రోజు నేనూ ఊళ్ళో ఉన్నాను. భోజనాలయ్యాక అరుగు మీద మాటలు మొదలయ్యాయి. కోటి రూపాయల పాలసీ ఉందన్న సంగతి ఎలాగో బయటికొచ్చింది. చేబదులు ఇచ్చామని నలుగురు వచ్చారు. వాళ్ళు చెప్పిన మొత్తం 9 లక్షలు. టూల్స్ షాపతను చెన్నై నుంచి పలకరింపుకి వచ్చి, లేస్తూ లేస్తూ బాకీ కాగితం చూపించాడు. ఇంకొకాయన రెండు సీఎన్‌సీ మెషిన్లూ తను తీసుకుంటానని, పాత ఇనుము ధరకి దగ్గరగా ఒక మాట చెప్పి, ఆలస్యమైతే అదీ రాదని భయపెట్టాడు. వదిన లోపల గదిలో గోడకి ఆనుకుని కూర్చుని అన్నీ వింటోంది.

ఆ రోజు నేను అందరి ముందూ చెప్పిన మాట ఇదీ. చనిపోయిన మనిషి అప్పుకి వారసులు ఆయన నుంచి వాళ్ళకి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. ఆ కోటి ఆయన ఆస్తి కాదు, 2019 నుంచే భార్యాపిల్లలది. దాని మీద ఎవరికీ హక్కు లేదు. అయినా అన్న అప్పులు ఎగ్గొట్టాలని ఈ ఇంట్లో ఎవరికీ లేదు, అప్పుల కోసం వేరే పాలసీ ఉంది. లెక్కలు చూసి, ఆధారం ఉన్న ప్రతి రూపాయీ ఇస్తారు. మూడు నెలలు ఆగండి.

మాటల జోరు అప్పుడు తగ్గింది. కోటి రూపాయలు అందరికీ అందేదైతే ఆ అరుగు మీద ఆ సాయంత్రం ఏం జరిగేదో నాకు తెలుసు. వేరే ఇళ్ళల్లో చూశాను.

క్లెయిములు

క్లెయిమ్ ఫారం, పాలసీ బాండ్లు, డెత్ సర్టిఫికెట్, ఆస్పత్రి కాగితాలు, వదిన ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు. ఫిబ్రవరి మూడో వారంలో అన్నీ ఇచ్చాం. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం విచారణ అవసరం లేని మరణ క్లెయిమ్‌ని కాగితాలు అందిన 15 రోజుల్లో, విచారణ కావాలంటే 45 రోజుల్లో తేల్చాలి. ఒక కంపెనీ పాత షుగర్ రిపోర్టులు అడిగింది. షుగర్ సంగతి ప్రపోజల్‌లోనే ఉందని చూపించాక ఇంకేమీ అడగలేదు. మార్చి నెలాఖరులోపు రెండూ వచ్చేశాయి. మరణ క్లెయిమ్ డబ్బుకి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు.

పెయిడప్ పాలసీలు రెండింటికీ కలిపి 5 లక్షల పైచిలుకు వచ్చింది. అమ్మ పాలసీకి బోనస్‌తో దాదాపు 4 లక్షలు. అన్న సేవింగ్స్ పాస్‌బుక్ తిరగేస్తుంటే ఏటా 436 రూపాయలు కట్ అవుతున్న ఎంట్రీ కనిపించింది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. అన్నే ఎప్పుడో అకౌంట్ తెరిచినప్పుడు ఒప్పుకున్నది, ఎవరికీ గుర్తులేదు. దానికి 2 లక్షలు. ఇంట్లో ఎవరు పోయినా బ్యాంకు పాస్‌బుక్‌లో 436, 20 రూపాయల ఎంట్రీల కోసం వెతకండి. 20 రూపాయలది ప్రమాద బీమా. ఉద్యోగి అయితే పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్‌ఐ అనే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. అన్నకి అది లేదు.

అప్పులు తీర్చిన వరుస

75 లక్షల్లో మొదటి చెల్లింపు సీసీ లిమిట్. అప్పటికి అందులో 21 లక్షలు వాడుకుని ఉన్నారు. వడ్డీ ఎక్కువున్న అప్పు అదేనా కాదా అని కూడా చూడలేదు. అమ్మ స్థలం దాని కింద ఉంది, అందుకే అది ముందు. బ్యాంకు నుంచి దస్తావేజు తెచ్చి వదిన అత్తగారి చేతిలో పెట్టింది. తర్వాత మెషిన్ లోన్లు 16 లక్షలు, హోమ్ లోన్ 14 లక్షలు, షాపుల బాకీలు 7 లక్షలు, పనివాళ్ళకి చివరి లెక్కలు 3 లక్షలు. చేబదుళ్ళు అన్న డైరీ, ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, పనివాళ్ళ మాట అన్నీ పోల్చి చూస్తే 4 లక్షలకి ఆధారం దొరికింది. అది ఇచ్చాం. మిగతా 5 లక్షలు ఇవ్వలేదని ఇద్దరు మనుషులు ఈ ఇంటివాళ్ళతో మాట్లాడటం మానేశారు. ఈ మొత్తం వ్యవహారంలో వదినని ఎక్కువ ఏడిపించింది ఇదే. అన్న మాట ఇచ్చి ఉన్నాడేమో, తను ఇవ్వకుండా పాపం మూటగట్టుకుంటోందేమో అని. ఏ పాలసీ తీర్చలేని బాధ అది. వ్యాపారం చేసే ప్రతివాళ్ళనీ చేతులు జోడించి అడుగుతున్నాను, చేబదులు తీసుకున్నా ఇచ్చినా ఒక నోటుపుస్తకంలో తారీకుతో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో చెప్పండి.

మెషిన్లు జూన్‌లో అమ్ముడుపోయాయి, 21 లక్షలకి. పెద్దకర్మ రోజు అడిగిన ధర దీంట్లో సగం కూడా లేదు. చేతిలో డబ్బు ఉండటం వల్ల ఆగగలిగింది, ఆగడం వల్ల ధర వచ్చింది. కంపెనీల నుంచి రావలసిన బిల్లులు 11 లక్షలు మెల్లగా వసూలయ్యాయి. యూనిట్ తనే నడుపుతానని వదిన మొదట అనుకుంది. నేను వద్దనలేదు, అవుననలేదు. ఆర్డర్లన్నీ అన్న మొహం చూసి వచ్చినవి, ప్రోగ్రామింగ్ తెలిసిన మనిషి అన్న ఒక్కడే అని సీనియర్ ఆపరేటరే చెప్పాక తనే మానుకుంది.

మెషిన్ల డబ్బు, బిల్లుల డబ్బు, ఫ్లాట్‌లో అన్న సగం, ఇవి ఆయన ఆస్తి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు నలుగురికీ సమాన వాటా. తహసీల్దారు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్‌లో నాలుగు పేర్లూ ఉన్నాయి. చాలా ఇళ్ళల్లో అత్తాకోడళ్ళు విడిపోయేది ఇక్కడే. ఈ ఇంట్లో ఆ మాటే రాలేదు. స్థలం తిరిగొచ్చింది, తన పేరున నాలుగు లక్షలున్నాయి. పెద్దావిడ తన వాటా పిల్లల పేరున వెయ్యమన్నారు. మైనర్ల వాటా ఉంది కాబట్టి ఫ్లాట్ మాత్రం కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి లేదు. అమ్మే ఆలోచనా లేదు.

కోటి రూపాయలు

డబ్బు పడిన సాయంత్రమే బ్యాంకు నుంచి ఫోన్. సింగిల్ ప్రీమియం ప్లాన్ ఒకటుంది, పిల్లల భవిష్యత్తుకి చాలా బాగుంటుంది అని. ఆరు నెలలు ఏ నిర్ణయమూ తీసుకోవద్దన్నది నా సలహా. భర్త పోయిన రెండు నెలలకి ఎవరూ పదేళ్ళకి డబ్బు కట్టేసే సంతకం పెట్టకూడదు. మూడు బ్యాంకుల్లో స్వల్పకాలం ఎఫ్‌డీలుగా పెట్టాం. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి, ఉన్నదాంట్లో పెద్ద, గట్టి బ్యాంకులు చూసుకున్నాం.

అక్టోబరులో కూర్చుని పంచాం. పిల్లల వంతు చెరి పాతిక లక్షలు వేరు అకౌంట్లలో, వాళ్ళ చదువు సంవత్సరాలకి సరిపడేట్టు. వదిన యాభైలో 9 లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో. 7.4 శాతం వడ్డీకి నెలకి 5,550 వస్తుంది. ఇరవై లక్షలు రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు (వడ్డీ రేటు మారుతుండే) బాండ్లలో, ఆరు నెలలకోసారి వడ్డీ. మిగతాది కొంత ఎఫ్‌డీ, కొంత మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా. ఇంటి ఖర్చు ఇప్పుడు 52 వేలు. ఎస్టేట్‌లోనే తెలిసినవాళ్ళ యూనిట్‌లో వదిన అకౌంట్స్ పనికి వెళ్తోంది, 18 వేలు జీతం. లోన్లు లేవు కాబట్టి మిగతా 34 వేలు వడ్డీ నుంచి, కొంత అసలు నుంచి తీసుకుంటే చాలు. పెద్దమ్మాయి ఆ జనవరిలో తండ్రిని పోగొట్టుకుని మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. అదే స్కూల్లో ప్లస్ వన్ చేరింది. స్కూలు మార్చాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఇంటికి సంపాదించే మనిషి వదిన. మొన్న తనే ఫోన్ చేసి, "నా మీద కూడా ఒకటి రాయి" అంది. 50 లక్షల టర్మ్‌కి ప్రపోజల్ పెట్టాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి అప్పటి 18 శాతం ఇప్పుడు లేదు. 1874 చట్టం 6వ సెక్షన్ పెళ్ళైన మగవాడు తీసుకునే పాలసీ గురించే చెబుతుంది, అందుకే ఇది మామూలు నామినేషన్. పిల్లలిద్దరూ నామినీలు, వాళ్ళు మైనర్లు కాబట్టి డబ్బు అందుకోవడానికి అపాయింటీగా తమ్ముడు. పెద్దమ్మాయికి 18 నిండగానే ఆ అపాయింటీ పేజీ మళ్ళీ చూడాలని ఫైలు మీద రాసి పెట్టాను.